అంతమ్మ సాలు

ఎంకపల్లి
డిసెంబర్ 4

నా చిట్టి పంతులమ్మ అనూహ్యకు,

మీ పెద్దమ్మ ఎస్తేర్ రాసేది. దేవుని దయవల్ల అందరం బాగున్నమని రాద్దామనుకున్న గని చెయ్యి ఒప్పుకోలే.

ఫోన్ చేయొచ్చు గద అంటవు. ఫోన్ ఇంట్ల ఉంటే మీ పెద్దబాపు జేబుల ఉంటది, తోటకు తెస్తే గేటు కాడ డబ్బల పడేస్తరు. నాకు దొరికే జాగ కాగితమే. నువ్వు ఒకటో తరగతిల పలక మీద దిద్దుతుంటే పక్కన కూసొని నేర్చుకున్న అక్షరాలు, వాడకపోతే తుప్పు పడతయి. సంగయ్య ఆటోల పంపుతున్న. చేవెళ్ల బస్టాండుల నీకిస్తడు.

సంగతేందంటే, కుడి మోచేయి బయటి పక్క, బొడిపె ఉంటది సూడు, అక్కడ నొప్పి. రెండు నెలలైంది. గులాబీలు కోసేటప్పుడు కట్టర్ నొక్కితే సూది పొడిచినట్టు. పొద్దుగాల చాయ గిలాస లేపితే జారి పడ్డది. దుప్పటి పిండరాదు. దినం రెండు వేల కాడలు కోస్తం, ఫిబ్రవరిల పువ్వుల గిరాకి మొదలైతే ఇంకా ఎక్కువ. చెయ్యి పోతే నన్నెవరు ఉంచుకుంటరు?

నా పక్క సాల్ల అంతమ్మ ఉంటది. నాలుగేండ్ల సంది ఇద్దరం పక్కపక్క సాళ్లే. ఆమెది ఎడమచేతి వాటం. ఏమంటదో తెలుసా? "గీ రోగాలన్ని కుడిచేతోళ్లకే ఎస్తేరూ. నన్ను యముడు గుడ ఎటు పట్టాల్నో ఎరుగడు" అంటది. ఆమె నవ్వితే ప్లాస్టిక్ కప్పిన పాలీహౌస్ ఆ కొస దాక వినపడతది.

నువ్వు చేతుల డాక్టరువైనవు గద, ఏం చేయాల్నో రాసి పంపు. నోటితోటి చెప్తే మర్చిపోత. రాస్తే బైబిల్ల పెట్టుకొని చూసుకుంట.

నీ పెద్దమ్మ
ఎస్తేర్

చేవెళ్ల
డిసెంబర్ 9

పెద్దమ్మకు,

నీ అక్షరాలు ఎప్పుడూ నిలబడి ఉంటాయి. ఈసారి అన్నీ ఒక పక్కకు ఒరిగాయి. చదవకముందే నీ చెయ్యి బాగా లేదని తెలిసింది.

భయపడకు. ఇది ప్రాణం మీదికి వచ్చే నొప్పి కాదు. ఎముక విరగలేదు, కీలు అరగలేదు. మణికట్టును పైకి ఎత్తే కండరాలు ముంజేతి మీదుగా వచ్చి మోచేతి బయటి బొడిపె దగ్గర దారాల కట్టలాంటి స్నాయువుతో అతుక్కుంటాయి. నువ్వు కట్టర్ నొక్కిన ప్రతిసారీ ఆ అతుకు గుంజుకుంటుంది. అది మానుకునే లోపలే మళ్లీ గుంజుతున్నావు. మా పుస్తకాల్లో దీన్ని టెన్నిస్ ఎల్బో అంటారు. మన ఇంట్లో ఆ ఆట ఆడినవాళ్లు లేరు, అయినా వచ్చింది.

చెయ్యిని పూర్తిగా కట్టేసి కూర్చోవద్దు, అట్లా చేస్తే ఇంకా బలహీనపడుతుంది. పని తగ్గించు. సగం రోజు కోసి, సగం రోజు కట్టలు కట్టే దగ్గర నిలబడతానని అడుగు. కట్టర్‌కు నూనె వేయించు, పదును పెట్టించు. మొద్దు కట్టరే నీ శత్రువు. బిందె, బకెట్ ఏదైనా అరచెయ్యి పైకి ఉండేటట్టు, మోచేయి ఒంటికి ఆనించి ఎత్తు. ముంజేయిని బల్ల మీద పెట్టి, అరచెయ్యి కిందికి ఉంచి, మణికట్టును పైకి లేపు. ఎడమచేత్తో దాన్ని కిందికి ఒత్తుతుంటే కదలకుండా నలభై అంకెలు లెక్కపెట్టు. రోజుకు ఐదుసార్లు. రెండు వారాల తర్వాత అర లీటరు నీళ్ల సీసా పట్టుకొని, ఎడమచేత్తో పైకి లేపి, కుడిచేత్తో మెల్లగా, చాలా మెల్లగా కిందికి దించు. కొంచెం నొప్పి ఉన్నా పరవాలేదు. మరునాడు పెరిగితే మాత్రం తగ్గించు. సంగయ్య మామతో బెల్టు పంపుతున్నాను, మోచేతికి రెండు వేళ్ల కింద కట్టుకొని కొయ్యి. సూది మందు వేయించుకోకు, నాలుగు వారాలు హాయిగా ఉండి మళ్లీ తిరగబడుతుంది. మూడు నెలలు పడుతుంది. ఓపిక పట్టు.

ఈ పక్క నిండింది. వెనక చూడు.

ఈ మాట ముందు పక్క రాయబుద్ధి కాలేదు. పోయినేడు పెద్దబాపు నీ చెయ్యి మెలిపెట్టిన సంగతి నాకు అమ్మ చెప్పింది. నువ్వు బావి దగ్గర జారిపడ్డానన్నావు. మోచేయి అప్పుడే దెబ్బతిన్నదేమో చూడాలి, ఒకసారి రా. చర్చి సంఘ పెద్ద భార్యవని నోరు మూసుకోకు. మళ్లీ చెయ్యి ఎత్తితే నాకు రాయి, ఒక్క మాట చాలు.

ఇంకొకటి. మోచేతిని నొక్కితే ఏమీ తేడా లేకుండా, పని చేయకున్నా, నడిచినప్పుడూ చెయ్యి గుంజితే, ఛాతీ బరువుగా ఉండి చెమటలు పడితే, అది ఈ నొప్పి కాదు. ఈ ఉత్తరం పక్కన పడేసి వెంటనే దవాఖానకు పోవాలి.

నీ
అనూహ్య

ఎంకపల్లి
జనవరి 19

అనూహ్యకు,

బిడ్డా, చాయ గిలాస లేపిన! నిన్న నిండు బిందె గుడ లేపిన, నువ్వు చెప్పినట్టె అరచెయ్యి పైకి పెట్టి. ఇంక జర ఉన్నది గని సూదులు పోయినయి.

పోయిన ఆదివారం చర్చిల సాక్ష్యం చెప్పిన. మైకు పట్టుకొని, "దేవుడు నా మోచేతిని ముట్టిండు, నా చెల్లె బిడ్డ ఉత్తరం రూపంల ముట్టిండు" అన్న. అందరు హల్లెలూయ అన్నరు. మీ పెద్దబాపు గుడ ముందు వరసల కూసొని చప్పట్లు కొట్టిండు. తర్వాత ఆడోళ్లందరు నా చుట్టే. పువ్వులు కోసేటోళ్లు, క్యారెట్ పీకేటోళ్లు, అందరికి మోచేతులే. ఉత్తరం ఇయ్యి ఇయ్యి అని ఒకటే గోల. మొయినాబాద్ పోయి పదకొండు జిరాక్సులు తీయించిన. మా తోటల పని చేసే కరుణమ్మ ప్లాస్టిక్ కవర్ల పెట్టి గోడకు మేకు కొట్టింది.

అంతమ్మది మా చర్చి కాదు గని ఆమె గుడ తీసుకున్నది. వారం సంది ఎడమచెయ్యి గుంజుతుందట. "చూసినవా, యముడికి ఎటు పట్టాల్నో దొరికింది" అని ఎక్కిరిచ్చిన. "నీ నోట్ల మన్నుబొయ్య" అని నవ్వింది. ఆమెకు చదువు రాదు. బిడ్డ పూర్ణిమ చేవెళ్లల డిగ్రీ చదువుతది, ఆ పిల్ల చదివి చెప్తుందట. దినాం సీసా పట్టుకొని లెక్క పెట్టుకుంట చేస్తుంది పిచ్చిది.

నువ్వు నా కడుపున పుట్టకపోతివి అన్నదొక్కటే నా బాధ.

ఎస్తేర్

చేవెళ్ల
జనవరి 24

పెద్దమ్మకు,

నీ ఉత్తరం మూడుసార్లు చదివాను. మా ఫిజియోథెరపీ సెంటర్లో నా పైన ఉండే సుధాకర్ సార్‌కు కూడా చూపించాను. "సర్టిఫికెట్ గోడకు తగిలించినోళ్లను చూసిన గని ఉత్తరం తగిలించినోళ్లను ఇప్పుడే చూస్తున్న" అన్నారు.

సంతోషంగానే ఉంది. కానీ ఒక మాట. ఆ ఉత్తరం నీ చెయ్యి కోసం రాసింది. పదకొండు చేతులకు రాసింది కాదు. పైకి ఒకేలా అనిపించే నొప్పులు లోపల వేరు వేరుగా ఉంటాయి. వీలు చేసుకొని ఒక్కొక్కరిని ఇక్కడికి పంపు, నేను చూస్తాను. ముందుగా అంతమ్మను పంపు. ఎడమచెయ్యి అన్నావు కదా.

నీ
అనూహ్య

ఎంకపల్లి
మార్చి 3

అనూహ్యకు,

ఫిబ్రవరి అంత పని. రాయలేకపోయిన. ఇప్పుడు గిరాకి తగ్గింది.

నా చెయ్యి మళ్ల మొదటికొచ్చింది. రెండు సాళ్లు ఇచ్చిన్రు నాకు. బెల్టు తీసి పెట్టెల పడేసిన.

ఒకటి అడుగుత, నవ్వొద్దు. మనిషి లేని సాల్ల కట్టర్ సప్పుడు వినపడుతుందా? నేను కోస్తుంట. ఆగుత. నేను ఆగినంక గుడ ఒక్కసారి "టక్" అంటది, పక్క సాల్ల. మళ్ల కోస్త, ఆగుత. మళ్ల టక్. ఆకుల మీద మంచు నీళ్లు పడ్డ సప్పుడు అంటది కరుణమ్మ. అయి ఉండొచ్చు.

అంతమ్మ ఇప్పుడు పనికి వస్తలేదు.

ఎస్తేర్

చేవెళ్ల
మార్చి 9

పెద్దమ్మకు,

అంతమ్మ పనికి రావడం లేదని రాశావు. చనిపోయిందని రాయలేదు.

సంగయ్య మామ చెప్పాడు. నీ ఉత్తరం ఇచ్చి పోతూ పోతూ, "మీ పెద్దమ్మ పక్కామె పాపం, ఫిబ్రవరి పన్నెండున, పువ్వుల బకెట్ పక్కన కూసున్నది, లెవ్వలే. తోట వ్యాన్ల ఏసుకొని పోయిన్రు, దవాఖాన గేటు దాటకముందే పోయింది. గుండెనట" అన్నాడు. ఇంకా ఏదో చెప్తున్నాడు, నాకు వినపడలేదు.

గుండె. ఎడమచెయ్యి. నెల రోజుల నుంచి గుంజుతున్న ఎడమచెయ్యి.

పెద్దమ్మా, నేను ఆ ఉత్తరంలో ఏం రాశాను? భయపడకు అని రాశాను, అది గుర్తుంది. ప్రాణం మీదికి వచ్చే నొప్పి కాదని రాశాను. ఏ నొప్పి వస్తే దవాఖానకు పోవాలో రాశానా? రాసినట్టే ఉంది. మళ్లీ ఆలోచిస్తే, రోజూ పది మందికి నోటితో చెప్పే మాట కాబట్టి రాశాననుకుంటున్నానేమో అనిపిస్తుంది. ఎంత గట్టిగా కళ్లు మూసుకున్నా ఆ కాగితం కింది సగం కనపడటం లేదు.

నా ఉత్తరం నాకు పంపు. సంగయ్య మామతో రేపే పంపు.

అనూహ్య

ఎంకపల్లి
మార్చి 20

అనూహ్యకు,

ఆ ఉత్తరం లేదు. బైబిల్ పక్కన బిందె ఒలికి తడిసింది, చిరిగింది. జిరాక్సులు గుడ ఎవరి కాడ ఉన్నయో తెల్వది. దాని జోలికి పోకు. పోయిన మనిషి పోయింది. నువ్వేం తప్పు చేయలే అని నేను చెప్తున్న గద.

నా చెయ్యికి మందు పంపకు. బెల్టు పంపకు. అది నా నొప్పి, ఉండనియ్యి. అంతమ్మ పట్టుకున్నట్టు ఉన్నది, ఐదు వేళ్లు తెలుస్తున్నయి. ఆమె పట్టుకునే హక్కు ఉన్నది.

ఇంకొకటి చూసిన. మేము కాడ అడుగు ఏటవాలుగ కోస్తం. కుడిచేతోళ్లు కోస్తే ఏటు ఒక దిక్కుకు ఉంటది, అంతమ్మ కోస్తే ఇంకో దిక్కుకు. నాలుగేండ్లు ఒక్కటే బకెట్ల వేసినం, బకెట్ల చూసి ఏది ఎవరిదో చెప్తుంటిమి. మొన్న ఏడింటికి నేను పోయేసరికి ఆమె సాలు మొదట్ల బకెట్ ఉన్నది. నిండ పువ్వులు. అన్ని అంతమ్మ ఏటే.

ఎవరిని అడగలే. నేను ఈ మధ్య ఎవరితోని మాట్లాడుతలేను.

ఎస్తేర్

చేవెళ్ల
ఏప్రిల్ 4

పెద్దమ్మకు,

నాకు ఆమె ముఖం తెలియదు. ఎప్పుడూ చూడలేదు. నీ ఉత్తరాల్లో నవ్వు మాత్రమే విన్నాను. ఇప్పుడు సెంటర్లో తలుపు తీసుకొని ఎవరు వచ్చినా ముందు ఆ నవ్వు వినపడుతుంది.

మొన్న షాబాద్ నుంచి ఒక తాత వచ్చాడు, శాంతయ్య అని. గడ్డి కోసి కోసి మోచేయి పట్టేసింది. నొక్కితే అక్కడే నొప్పి, మధ్య వేలు ఎత్తమని ఒత్తితే అక్కడే నొప్పి. ఇంకేం కావాలి? నేను మాత్రం ఐదుసార్లు చూశాను. ఛాతీ గురించి అడిగాను, మళ్లీ అడిగాను. "నేను బతికి ఉండుడు నీకు ఇష్టం లేదా బిడ్డా?" అన్నాడు. ఈసీజీకి పంపాను. తర్వాత వచ్చిన ఆమెను పంపాను. ఆ తర్వాతి ఆమెనూ. సుధాకర్ సార్ పక్కకు పిలిచి, "నువ్వు మనుషులను చూస్తలేవు అనూహ్యా. వాళ్ల వెనక ఎవరో నిలబడ్డట్టు చూస్తున్నవ్. ఎవరు?" అన్నారు. తర్వాతి టోకెన్ పిలిచాను.

మన ఇంట్లో బడి మెట్టెక్కిన మొదటిదాన్ని నేను. చదువు నాకు ఎందుకు అని నేను ఎన్నడూ అడగలేదు. ఇప్పుడు అడుగుతున్నాను. నాకు రాయడం రాకపోయి ఉంటే అంతమ్మ తన చెయ్యి పట్టుకొని ఏ దవాఖానకో పోయేది కదా.

ఈ నెలాఖరుకు మానేస్తానని సార్‌కు చెప్పబోతున్నాను. నీకు ముందు రాస్తున్నాను.

అనూహ్య

ఎంకపల్లి
ఏప్రిల్ 11

బిడ్డా అనూహ్యా,

మానొద్దు. ఇది చదివినంక నా ముఖం చూడకున్నా సరే, మానొద్దు.

నీ ఉత్తరం తడవలే. చిరగలే. బైబిల్ల యోబు గ్రంథం కాడ ఉన్నది, ఇంతకు ముందు గుడ అక్కడ్నే ఉండె. నువ్వు రాసినవ్. చెమటలు, ఛాతీ బరువు, దవాఖానకు పోవాలె, అన్ని రాసినవ్. వెనక పక్క రాసినవ్.

మొయినాబాద్‌ల జిరాక్సు పిలగాడు "రెండు పక్కల తీయాల్నా అమ్మా?" అని అడిగిండు. వెనక పక్క మీ పెద్దబాపు నా చెయ్యి మెలిపెట్టిన సంగతి ఉన్నది. సాక్ష్యం చెప్పి వారం గుడ కాలే. ఆయన సంఘ పెద్ద. పదకొండు ఇండ్లల్ల ఆ మాట గోడలకు ఎక్కుతదని భయమైంది. "ముందు పక్కనే తియ్యి" అన్న. దాని కింద నువ్వు రాసింది ఆ నిమిషంల నా తలల లేదు. లేదని ఎవరితోనన్న ఒట్టేసి చెప్త గని, నాకు నేను చెప్పుకుంటే నమ్ముత లేను.

అంతమ్మను పంపమని గుడ నువ్వు రాసినవ్. పువ్వుల కాలం అయినంక పోదువు తీ అన్న నేను. సరే అన్నది.

పోయినంక చెప్తే, తెలిసి దాచింది అంటరని నోరు మూసుకున్న. నువ్వు ఉత్తరం అడిగితే అబద్ధమాడిన. నువ్వు మోస్తుంటే చూసుకుంట ఊకున్న. అక్షరాలు నేర్పినదానికి నేను చేసిన పని ఇది.

ఇయ్యాల ఎందుకు రాస్తున్న అంటే, నిన్న పొద్దుగాల ఆ సప్పుడు సంగతి తేల్చుకుందామని ఐదింటికే పోయిన. అంతమ్మ సాల్ల అంతమ్మ ఉన్నది. అదే వంగుడు, అదే ఎడమచెయ్యి, అదే టక్. నా చేతిల బకెట్ పడ్డది. మనిషి మర్లి చూసింది. పూర్ణిమ. తల్లి పోయిన నెలకు ఆ సాలు ఆ పిల్లకే ఇచ్చిన్రట. ఐదింటికి వచ్చి, ఆరున్నరకు చేవెళ్ల బస్సు ఎక్కి కాలేజీకి పోతుందట. అందుకే నా కంట పడలే. బకెట్ సంగతి తేలింది గని, ఆ పిల్ల పనికి రాకముందు సంది నాకు వినపడే టక్ సంగతి తేలలే.

"ఎస్తేరత్తా, భయపడ్డవా?" అని నవ్వింది. ఆ నవ్వు గుడ తల్లిదే. తర్వాత ఏమన్నదో చూడు. "అత్తా, నాకు గుడ మోచేయి పట్టింది. అవ్వకిచ్చిన కాయితం అవ్వతోనే కాటికి పంపినం, పానం లెక్క చూసుకునేది గద. నాకొకటి ఇయ్యవా?"

దొరికితే ఇస్త అని చెప్పి వచ్చిన. నాకేం తోస్తలేదు.

ఎస్తేర్

చేవెళ్ల
ఏప్రిల్ 13

పెద్దమ్మా,

నెల రోజుల పైన నన్ను ఆ కాగితం చీకట్లో వెతకనిచ్చావు. ఇంతకంటే రాస్తే తర్వాత ఇద్దరం బాధపడతాం.

పూర్ణిమకు ఉత్తరం ఇవ్వాలి. రెండు పక్కలా ఉన్న అసలు కాగితమే. నువ్వే, నీ చేత్తో. నేను చెప్పను, సంగయ్య మామతో పంపవద్దు. చదివాక ఆమె ఏమన్నా పడాలి. ఆమె వస్తానంటే చెయ్యి నేను చూస్తాను.

అది ఇచ్చిన రోజు నాకు రాయి. అంతవరకు రాయకు.

అనూహ్య

ఎంకపల్లి
ఏప్రిల్ 20

అనూహ్యకు,

ఇచ్చిన.

ఐదింటికి పోయిన. ఇంక వెలుతురు సరిగ్గ రాలే, ప్లాస్టిక్ కప్పు మీద చెమ్మ ఉన్నది. ఆ పిల్ల టార్చిలైటు పెట్టుకొని చదివింది. ముందు పక్క చదివేటప్పుడు పెదవులు ఆడినయి, కంఠస్థం ఉన్నట్టున్నది. తిప్పింది. లైటు దగ్గరికి జరుపుకొని చదివింది.

"గిది మా కాయితంల లేకుండె" అన్నది.

"లేకుండె బిడ్డా. నేనే తీయియ్యలే."

"ఎందుకు?"

 మీ పెద్దబాపు సంగతి ఉన్న వరస మీద వేలు పెట్టిన. చదివింది. నా చెయ్యి దిక్కు చూసింది. మళ్ల కింది వరస చదివింది. కట్టర్ బకెట్ల పడేసి, కాయితం జాకెట్ల పెట్టుకొని పోయింది. ఒక్క మాటన్న తిట్టలే. తిడితే బాగుండు.

నాలుగు దినాలైంది, పనికి రాలే. ఆ సాల్ల పువ్వులు విచ్చుకుంటున్నయి, అడిగేటోళ్లు లేరు.

ఇంట్ల గుడ చెప్పిన. వెనక పక్క ఏమున్నదో ఒకామె చదివిందని మీ పెద్దబాపుకు చెప్పిన. గిన్నె విసిరిండు. నేను తలుపుల నిలబడి, "అనూహ్యకు ఒక్క మాట రాస్తే చాలన్నది" అన్న. చెయ్యి ఎత్తలే. ఇప్పుడు మాట్లాడుతలేడు. ఇల్లు నిమ్మళంగ ఉన్నది.

ఆ టక్ సప్పుడు ఆగింది. ఇప్పుడు నాకు అదే భయమైతుంది.

ఎస్తేర్

చేవెళ్ల
ఏప్రిల్ 29

పెద్దమ్మకు,

పూర్ణిమ నిన్న వచ్చింది.

టోకెన్ తీసుకొని, అందరితోపాటు బెంచీ మీద కూర్చుంది. నేను పేరు పిలిచేదాకా ఆమెను గుర్తుపట్టలేదు. నాకంటే నాలుగేళ్లు చిన్నది. లోపలికి వచ్చి నా ఉత్తరం తీసి బల్ల మీద పెట్టి, "గిది నువ్వే రాసినవా?" అంది. నేనేనన్నాను. "అక్షరాలు చూస్తే పెద్దదానివి అనుకున్న" అంది.

క్షమించమని అడగడానికి నేను ఎన్నో మాటలు కూర్చుకొని ఉన్నాను. ఆమె అవి వినడానికి రాలేదు. చెప్పడానికి వచ్చింది.

"మా కాయితంల గుడ అడుగున 'వెనక చూడు' అని ఉండె అక్కా. తిప్పి చూసిన. తెల్లగ ఉన్నది. అవ్వ ఏమున్నది బిడ్డా అని అడిగింది. ఏం లేదే, డాక్టరమ్మ ఏం రాయలే అంటే నీకు ఇంకేం రోగం లేదన్నట్టే అన్న. ఇద్దరం నవ్వినం." బల్ల మీది ఉత్తరాన్ని తిప్పి పెట్టింది. "ఎస్తేరత్తను ఒక్క మాట అడిగితే అయిపోతుండె గద. పక్క సాలే గద. నేను డిగ్రీ చదువుతున్న అక్కా. ఖాళీ కాయితం చూసి నవ్విన."

పెద్దమ్మా, ఇన్నాళ్లు నువ్వూ నేనూ మాత్రమే అంతమ్మను మోస్తున్నామనుకున్నాం.

నేను కూర్చుకున్న మాటల్లో ఒక్కటీ పనికిరాలేదు. చెయ్యి చాపమన్నాను. ఎడమ మోచేయి బయటి బొడిపె మీద బొటనవేలు పెట్టి నొక్కితే, "అవ్వా!" అని చెయ్యి గుంజుకుంది. పిడికిలి బిగించి పైకి ఎత్తమని ఒత్తితే అక్కడే. గట్టిగా పట్టుకోమంటే అక్కడే. పని మొదలుపెట్టి ఏడు వారాలు, చేతికి అలవాటు లేదు, తల్లి కట్టర్ మొద్దుబారి ఉంది. అన్నీ సరిపోయాయి. ఛాతీ అడిగాను, ఆయాసం అడిగాను, మెట్లెక్కితే ఎట్లా ఉంటుందో అడిగాను. ఏమీ లేదు.

ఆరు వారాలు కోయవద్దని, కట్టలు కట్టే దగ్గర పని అడగమని చెప్పాను. నలభై అంకెలు లెక్కపెట్టడం చూపించబోతే, "అది నాకొస్తది" అంది. అవ్వకు చేయించింది తనే కదా.

నీ చెయ్యిని అంతమ్మ పట్టుకున్నట్టు ఉన్నదని నువ్వు రాసిన మాట చెప్పాను. నీ గురించి ఇంకేమీ నేను అడగలేదు, తనే అంది. "ఎస్తేరత్త చెప్పకపోతే నాకు ఎన్నడు తెల్వకపోతుండె. అందుకే కోపం ఇంకా ఎక్కువొస్తుంది. నేను మళ్ల పనికి వస్త. వచ్చినా ఆమెతోని మాట్లాడను అని చెప్పు. ఆ చెయ్యి మాత్రం చూపెట్టుకొమ్మను. అవ్వ పట్టుకున్నదట కద, వదిలేసిందని చెప్పు. మా అవ్వ అట్ల పట్టేది కాదు." ఇది ఆమె అన్నది అన్నట్టే రాశాను. బుధవారం రా. బెల్టు తెచ్చుకో.

సుధాకర్ సార్‌కు ఏమీ చెప్పలేదు నేను. చెప్పను. పని మానను.

ఆమె లేచి వెళ్తుంటే ఆపాను. కింద నర్సింగ్‌హోంలో ఈసీజీ తీయిద్దాం పద అన్నాను.

"నాది మోచేయే అన్నవు గద?"

"మోచేయే."

"మరి?"

"అయినా తీయిద్దాం."

ఏమనుకుందో, నా ముఖం చూసి సరేనంది. కింద ప్రవీణ సిస్టర్ డ్యూటీలో ఉంది. పూర్ణిమను బల్ల మీద పడుకోబెట్టి, చేతులకు, కాళ్లకు క్లిప్పులు పెట్టి, చీటీ మీద రాయడానికి పెన్ను తీసి, "పేరు?" అని అడిగింది.

పూర్ణిమ పైకప్పు వైపు చూస్తూ, "అంతమ్మ" అంది.

నేను పక్కనే ఉన్నాను. సరిచేయలేదు. సిస్టర్ రాసింది. మిషన్ మెల్లగా కాగితాన్ని బయటికి తోసింది. గీతలన్నీ సమానంగా, ఒకదాని వెనక ఒకటి. పూర్ణిమ కళ్ల పక్కల నుంచి నీళ్లు చెవుల్లోకి కారుతున్నాయి, చేతులకు క్లిప్పులున్నాయి కాబట్టి తుడుచుకోలేకపోయింది. సిస్టర్ అది చూసి భయపడిందనుకొని, కాగితం చింపి ఆమె గుండె మీద పెట్టి, "ఏం ఫికర్ చేయకు అంతమ్మా, నీ గుండె మంచిగున్నది" అంది.

నీ
అనూహ్య